మూత లేని పియానో

మొన్న ఆదివారం సాయంత్రం విజయనగరంలో ఒక కాలేజీ హాల్లో, మూడో వరసలో ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చుని, పద్దెనిమిదేళ్ళ పిల్ల పియానో వాయిస్తుంటే విన్నాను. విన్నాను అనడం మర్యాద కోసం. నిజం చెప్పాలంటే గంటసేపు దెబ్బలు తిన్నాను. పియానో అంటే పెళ్ళి రిసెప్షన్లలో వెనకాల ఎక్కడో సన్నగా మోగేదనుకునేవాళ్ళు ఆ పిల్ల ఎడమచెయ్యి చూసి ఉండాల్సింది, భుజం దగ్గర నుంచి లేపి మరీ కొడుతోంది, ఎవరో జర్మనీ ఆయన కోపంలో ఉన్నప్పుడు రాసినదట, హాలు కిటికీ అద్దాలు గలగలలాడాయి, ముందు వరసలో నిద్రపోతున్న చంటిపిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకుంటే తల్లి ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. నేను మాత్రం రెండు చేతులూ కొంగు కింద దాచుకుని కదలకుండా కూర్చున్నాను.

ఆ పిల్ల మా మేనమామ మనవరాలు. చెన్నైలో ఏదో పెద్ద పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది. మా మేనమామ అంటే, మా వైపు వాళ్ళందరికీ తెలిసిన కథ ప్రకారం, నాకు పద్నాలుగేళ్ళప్పుడు నా వేళ్ళు విరగ్గొట్టినవాడు. ఆ కథ చెప్పింది నేనే. అది అబద్ధమని తెలిసిన మనుషుల్లో ఇవాళ బతికున్నది కూడా నేనొక్కదాన్నే.

కచేరికి పిలిచింది మావ కొడుకు. నన్ను వదినా అని పిలిచే వరసే గాని, యాభై ఏళ్ళుగా రాకపోకలు లేని ఇళ్ళు మావి, అతని పెళ్ళికి నేను వెళ్ళలేదు, కిందటేడు వానాకాలంలో మావ పోయాడని తెలిసినా శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో నా ఇంటి గడప దాటలేదు. అలాంటిది అతనే ఫోన్ చేసి, నాన్న పోయే ముందు మరీ మరీ చెప్పాడు వదినా, పిల్ల వాయించే రోజున నువ్వు హాల్లో ఉండాలట అన్నాడు. కాదనడానికి నా దగ్గర మోకాళ్ళ నొప్పులు తప్ప ఇంకేమీ లేకపోయాయి.

మా ఊరు పాతపట్నం దాటి ఒడిశా వైపు వెళ్ళే దారిలో ఉంది, పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ నొచ్చుకునేవాళ్ళు ఉంటారు. అక్కడ మిషను కాంపౌండు, అందులో గుడి, అంటే చర్చి, ఆ గుడిలో ఒక పియానో. దొరలు పడవలో తెప్పించి కళింగపట్నం రేవులో దింపి ఎడ్లబండి మీద తెచ్చారని పెద్దవాళ్ళు చెప్పేవారు. మీటల మీదికి మూసుకునే, చిన్నపిల్ల ఒక్కతే ఎత్తలేనంత బరువైన నల్లకర్ర మూత దానికి. వానాకాలంలో మీటలు ఉబ్బి ఒకదానికొకటి పట్టేసుకునేవి, వాటిని ఆరబెట్టడానికి అడుగున తలుపు తీసి లోపల చిన్న లాంతరు వెలిగించి పెట్టాలి, ఆ పని నాది. నాకు ఆరేళ్ళప్పుడు దొరసాని నా వేళ్ళు పట్టుకుని చూసి, బాగా పొడుగున్నాయని కూర్చోబెట్టింది. వాయించేటప్పుడు నా రెండు చేతుల వెనకా ఒక్కో చింతపిక్క పెట్టేది, పిక్క జారిందంటే స్వెట్టర్ అల్లే సూదితో కణుపుల మీద ఒకటి వేసేది. ఆవిడకి నా మీద ప్రాణమే, కాని దెబ్బ దెబ్బే. నా ఈడు వాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు, ఆ రోజుల్లో మనల్ని కొట్టనివాళ్ళెవరు చెప్పండి, నాన్న బడిపంతులు కాబట్టి బెత్తం ఇంటికే వచ్చేది, అమ్మ చేతిలో ఏ గరిటె ఉంటే దానితోనే. మొత్తం కాంపౌండులో నన్ను ఒక్క దెబ్బ కూడా వెయ్యని మనిషి మా మావ. మిషను జీపు నడిపేవాడు, నూనె మరకల చొక్కాతోనే నన్ను భుజం మీద ఎక్కించుకుని, ఒసే పియానో అని పిలిచేవాడు.

దొరలు వాళ్ళ దేశానికి వెళ్ళిపోయాక, గుడి తాళం ఎవరి మొలలో ఉండాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది. పాతవాళ్ళకి మా నాన్న పెద్ద. మిషను పనులు పోయి ఖాళీగా తిరుగుతున్న కుర్రాళ్ళంతా కొత్తవాళ్ళు, వాళ్ళకి జీపు పోయిన మావ పెద్ద. బావా బావమరుదులు ఒక కంచంలో తిన్నవాళ్ళు, ఎదురుపడితే ఉమ్మేసి పోయే దాకా వచ్చింది. ఒకసారి కాంపౌండులో మామిడికాయల దగ్గర ఒకడి తల పగిలింది, ఇంకోసారి శవాన్ని పక్కన పెట్టుకుని గొయ్యి ఎక్కడ తవ్వాలని కొట్టుకుని, తవ్వడానికి తెచ్చిన గునపంతోనే ఒకడి మోకాలు చితక్కొట్టారు. మధ్యలో మా అమ్మ, ఒక చేతిలో మొగుడికి అన్నం, ఇంకో చేతిలో తమ్ముడికి మందుకట్టు.

ఇదంతా జరుగుతుండగానే నాకు విశాఖపట్నంలో పియానో పోటీలో మొదటి బహుమతి వచ్చింది. అది చూసిన మద్రాసు మేడమ్ ఒకావిడ, ఈ పిల్లని నేను తీసుకెళ్ళి చదివిస్తాను, సంగీతం నేర్పిస్తాను, ముందు ఒకసారి తీరిగ్గా గంటసేపు వినాలి, నేనే మీ ఊరు వస్తాను అంది. ఆవిడకి నచ్చితే మద్రాసు, నచ్చకపోతే బడి అయ్యాక పెళ్ళి, అంతే నా ముందున్నది. రెండు నెలలు రోజుకి నాలుగు గంటలు వాయించాను, నిద్రలో కూడా వేళ్ళు దుప్పటి మీద ఆడేవని అమ్మ నవ్వేది.

మా గుడిలో ఒక కట్టుబాటు ఉండేది. పియానో మీద కీర్తన మొదటి వరస పలికిందంటే, ఎవరెంత కోపంలో ఉన్నా లేచి నిలబడి పాడాల్సిందే, పాట అయ్యేదాకా మాట లేదు, చెయ్యి లేపడం లేదు. మేడమ్ వినడానికి గుడిలో పెట్టిన నా కచేరికి రెండు వర్గాలూ వస్తాయని తెలిసి, నాన్న ముందు రోజే నన్ను కూర్చోబెట్టి, ఏ గొడవ లేచినా నువ్వు కీర్తన ఎత్తుకో, ఏం జరిగినా ఆపకు, అందరూ నోరు మూసుకుని లేస్తారు అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. మా ఇద్దరి బుర్రకీ తట్టనిది ఒక్కటే. పియానో పాతవాళ్ళ చేతిలో ఉందని అలిగి, కొత్తవాళ్ళు దానికి లేవడం మానేసి అప్పటికి మూడు నెలలయింది. వాళ్ళు కుడి పక్కన చాపల మీద కూర్చుని డోలక్‌తో పాడుకుంటున్నారు.

ఆదివారం నాలుగింటికి మేడమ్ కారులో వచ్చింది. వేదిక మీద నాలుగు కుర్చీలు, ఆవిడ పక్క కుర్చీ ఎవరిదన్న దగ్గర మొదలైంది. నాన్న కూర్చోబోతే మావ ఆ కుర్చీ కాలు పట్టుకు లాగాడు. నాన్న పడలేదు గాని పంచె జారింది, చాపల మీద వాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో నాన్న మొహం నల్లబడడం నాకు పియానో దగ్గర నుంచి కనిపించింది. ఆయన నా వైపు చూసి తల ఊపాడు. నేను కీర్తన ఎత్తుకున్నాను.

బెంచీల మీద ఉన్న పాతవాళ్ళు, నలభై మంది మగవాళ్ళు, అలవాటుగా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కింద చాపల మీద కూర్చున్నవాళ్ళకి కనిపించింది ఏమిటంటే, వాళ్ళ పెద్దని ఎగతాళి చేసినందుకు ఆ నలభై మందీ ఒక్కుమ్మడిగా తమ మీదికి లేచారని. చాపల కింద కర్రలున్నాయి. మొదటి కర్ర పాట రెండో వరసలో ఉండగానే దిగింది.

నేను ఆపలేదు. ఆపొద్దన్నాడు కదా. చూపు మీటల మీదే పెట్టుకుని వాయిస్తూనే ఉన్నాను, కర్రలు ఎముక మీద పడితే ఒక చప్పుడు, బెంచీ మీద పడితే ఇంకొకటి, ఆ తేడా నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఎవరిదో పన్ను వచ్చి మీటల మీద పడి జారి నా ఒళ్ళో పడింది. ఒకామె చెవి తమ్మె తెగి దిద్దు ఎవడి పిడికిట్లోనో ఉండిపోయింది, ఆమె కేకకి నా చెయ్యి ఒకసారి తప్పింది, మళ్ళీ సర్దుకున్నాను. బెంచీలు విరగ్గొట్టి పలకలు పీకుతున్నారు. మద్రాసు మేడమ్ ఒక చెప్పు వదిలేసి పరుగెత్తిందని తర్వాత చెప్పారు. ఇంత జరుగుతున్నా ఆడవాళ్ళ వైపు నుంచి ఇద్దరు ముసలమ్మలు ఏడుస్తూనే కీర్తన పాడుతున్నారు.

అప్పుడు మావ నా వైపు వచ్చాడు. నుదుటి మీద నుంచి రక్తం కారుతోంది, చేతిలో కర్ర లేదు. చెయ్యి చాచి నా భుజం పట్టుకున్నాడు, లేవే అన్నాడు. నన్ను అక్కణ్ణించి తప్పించడానికే వచ్చాడని ఇప్పుడు అనుకుంటాను, ఆ క్షణాన ఏమనుకున్నానో గుర్తు లేదు. నాన్న మాత్రం నన్ను కొట్టబోతున్నాడనే అనుకున్నాడు. బెంచీ పలక రెండు చేతులా ఎత్తి వెనకనుంచి మావ తల మీద కొట్టాడు. మావ కూలిపోతూ పియానో మీద పడ్డాడు, ఆయన ఛాతీ బరువంతా తగిలి ఆ నల్లకర్ర మూత నా పది వేళ్ళ మీదా దిగింది. అంతవరకూ ఆగని పాట అప్పుడు ఆగింది.

ఎడమచేతి చివరి రెండు వేళ్ళు, కుడిచేతి చూపుడువేలు. పట్నం ఆసుపత్రిలో కట్లు కట్టారు. మావ పక్క వార్డులో స్పృహ లేకుండా ఉన్నాడు. మర్నాడు పోలీసులు వచ్చి వాంగ్మూలం రాసుకుంటారని తెలిసి, నాన్న నా మంచం అంచున కూర్చుని, నా కట్ల వైపు చూడకుండా, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"మూత మీ మావే మూసీసినాడని సెప్పు. ఆ గోలలో ఎవలూ సూడలేదు. ఎనకనుంచి కొట్టినానని తెలిస్తే నా ఉజ్జోగం పోతాది, జైలుకెల్తాను. మీకు కూడెవలు పెడతారు?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తమ్ముడు బతుకుతాడో చస్తాడో తెలియని మనిషి, మొగుడి మాట విని కూడా నోరు తెరవలేదు. చనిపోయే దాకా తెరవలేదు.

నేను చెప్పాను. నాన్నకి భయపడి చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, ఈ వయసులో దాపరికం దేనికి, అబద్ధం ఆడడం నాకేమీ కష్టం కాలేదు. నా మద్రాసు పోయింది, దానికి ఎవడో ఒకడు చెడ్డవాడు కావాలి, నాన్న కాకుండా ఉంటే చాలు. మూత పట్టుకుని రెండు చేతులతో కిందికి కొట్టాడని, కొడుతూ నన్ను తిట్టాడని, అడగనివి కూడా కలిపి చెప్పాను. రాసుకుంటున్న కానిస్టేబులు పాపం కళ్ళు తుడుచుకున్నాడు.

మావకి మూడో రోజు తెలివి వచ్చింది. ఆ సాయంత్రం జరిగిందేదీ ఆయనకి గుర్తు లేదు. కుర్చీ లాగడం వరకే జ్ఞాపకం. నువ్వు మేనకోడలి చేతులు చితక్కొట్టావురా అని మనుషులు చెబితే, పిల్లే స్వయంగా చెప్పిందంటే, నమ్మాడు. నేను అబద్ధం చెబుతానని అనుకోలేని మనిషి. ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఒప్పుకుని జైలుకి వెళ్ళాడు.

బయటికొచ్చాక ఒకే ఒకసారి మా ఇంటికి వచ్చాడు. ఎండాకాలం, గోనెసంచిలో తాటి ముంజలు తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నాన్న చెప్పు తీసుకుని వెళ్ళాడు, చెప్పుతో కొట్టి కొట్టి అది తెగిపోతే గొడుగు కామతో మొదలుపెట్టాడు. మావ తల వంచలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. ముంజలు మట్టిలో దొర్లాయి.

"కొట్టు బావా," అన్నాడు. "ఆడపిల్ల సెయ్యి ఇరగ్గొట్టినోడిని, సచ్చేదాకా కొట్టు."

నేను కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్నాను. అప్పటికి కట్లు విప్పి నెలలయింది, రెండు వేళ్ళు వంకరగా అతికాయి. గేటు పది అడుగుల దూరం, ఒక్క మాట అరిస్తే చాలు. నాన్న అలా కొడుతున్నదీ తను చేసినదాన్ని చంపేయడానికేనని నాకు తెలుస్తూనే ఉంది. నేను అరవలేదు. కాసేపయ్యాక కిటికీ మూసేశాను.

ఆ తర్వాత మావ విజయనగరం వెళ్ళిపోయి సైకిళ్ళు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. సంఘం కోర్టుకెక్కింది, తాళం వేసిన గుడిలో పియానోని చెదలు తినేశాయి. నేను చదువుకుని శ్రీకాకుళంలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. మంచి వార్డెననే పేరు ఉంది గాని, ఏ పిల్లనడిగినా చెబుతుంది, చెక్క స్కేలు లేకుండా నేను వరండాలో అడుగుపెట్టేదాన్ని కాదు. కొట్టింది ఎప్పుడూ చేతుల మీదే. చేతులు చాపమంటే చాపేవారు, పొడుగు వేళ్ళ పిల్లలకి ఒకటి ఎక్కువ పడేదని ఇన్నాళ్ళకి అర్థమవుతోంది. ఆ పిల్లలకి క్షమాపణ చెప్పుకునే దారి లేదు, వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడే చెబుతున్నాను.

మళ్ళీ విజయనగరం హాలుకి వస్తాను. ఆ పిల్ల ఆఖరి పాట అయ్యాక లేచి దణ్ణం పెట్టి మైకు తీసుకుంది. పల్చగా, పీలగా ఉంది దగ్గర నుంచి చూస్తే, అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. ఈ పియానో ఇంటి నుంచి వ్యానులో తెచ్చుకున్నాం, దీనికి మూత లేదు, గమనించారా అని అడిగింది. నేను చూడలేదు, అప్పుడు చూశాను. మీటల పైన మూత ఉండాల్సిన చోట బందులు ఊడదీసిన తొర్రలు రెండే ఉన్నాయి, పక్కన మడత పెట్టిన తుండుగుడ్డ. సెకండ్‌హ్యాండులో కొన్న రోజునే మా తాత స్క్రూడ్రైవరుతో మూత విప్పి సైకిలు షాపు వెనక పారేశాడు, కప్పుకోవడానికి తన తువ్వాలు ఇచ్చాడు అని చెప్పింది. తాత వయసులో ఉన్నప్పుడు ఒక అమ్మాయి చేతుల మీద పియానో మూత కొట్టాడట, ఆవిడ నాకంటే బాగా వాయించేదట, రోజూ నేను సాధన చేస్తున్నంతసేపూ తాత గుమ్మం బయటే కూర్చునేవాడు, పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా పియానో ఉన్న గదిలోకి రాలేదు, తన చేతుల్ని తనే నమ్మేవాడు కాదు, ఆవిడ ఇవాళ ఈ హాల్లో ఉన్నారు అంది. జనం చప్పట్లు కొట్టారు. కొందరు వెనక్కి తిరిగి ఎవరా అని వెతికారు.

కొడితే ఏమవుతుందో మనందరికీ తెలుసు, నేను ఆడిన అబద్ధం ఏం చేసిందో అప్పుడు తెలిసింది. ఒక మనిషి చెయ్యని పాపాన్ని నా మాట మీద నమ్మి యాభై ఏళ్ళు మోసి, దానికి ప్రాయశ్చిత్తంగా ఒక పిల్లని ఇంత గొప్పగా తయారుచేసి, గుమ్మం బయట కూర్చునే చచ్చిపోయాడు.

చప్పట్లు అయ్యాక వేదిక వెనక గదిలోకి వెళ్ళాను. ఆ పిల్ల పెద్దమ్మా అంటూ ఎదురొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది, లేపి కుర్చీలో కూర్చోబెట్టి, నా చేతులు కొంగులోంచి తీసి దాని ఒళ్ళో పెట్టి, మొత్తం చెప్పాను. బెంచీ పలక, మావ పడడం, మంచం అంచున నాన్న, కానిస్టేబులు, తాటి ముంజలు, ఏదీ దాచలేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, ఒక చెంపదెబ్బ కొట్టినా పడదామనే వెళ్ళాను. నా వంకర వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి చాలాసేపు చూసింది.

"మరి తాతకెందుకు సెప్పలేదు పెద్దమ్మా?"

అంతే అడిగింది. కోపం కూడా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. వాళ్ళ నాన్న వచ్చి ఫోటోకి పిలిస్తే లేచి వెళ్ళింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలా లెక్కపెట్టుకున్నాను, ఎన్నెన్ని మారిపోయాయో అని. ఇప్పుడు మా ఊళ్ళో రెండు గుడులు, రెండింట్లోనూ ఒక మీట నొక్కితే డప్పులూ తాళాలూ తనంతట తనే వాయించేసే కీబోర్డులు. ఆ గొడవ దేనికి వచ్చిందో చెప్పేవాళ్ళు లేరు, కర్రలు పట్టినవాళ్ళ మనవలు ఒకరింటి పిల్లని ఒకరు చేసుకున్నారు. బళ్ళో పిల్లని ముట్టుకుంటే కేసు, బెత్తమంటే ఏమిటో వాళ్ళకి తెలియదు, మంచిదే. అమ్మ పోయింది. నాన్న పోయి పన్నెండేళ్ళయింది, ఆయన ఉద్యోగం, ఆయన జైలు, ఆ భయాలన్నీ ఆయనతోనే మట్టిలో కలిశాయి. ఆ తర్వాత కూడా మావ పదకొండేళ్ళు బతికే ఉన్నాడు, రోజూ ఆ గుమ్మం బయట కూర్చునే ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి విజయనగరానికి అరగంటకో బస్సు ఉంది.